ధనం నడిచే దారి ఎవరి సొత్తు?

నాణెం ముద్రించే అధికారం ప్రభువుది. ముద్రించిన నాణేన్ని ఒకరి చేతినుండి మరొకరి చేతికి అందించుకొనడానికి మాత్రం ప్రజలు ఏ ప్రభువునూ, ఏ వర్తకునీ అనుమతి అడగనక్కరలేదు, సుంకం చెల్లించనక్కరలేదు. వేల సంవత్సరాలుగా మానవజాతి అనుభవిస్తూ వచ్చిన ఈ సదుపాయం ఎంత సహజమైపోయిందంటే, అది ఒక స్వేచ్ఛ అన్న స్పృహ కూడ మనకు లేకపోయింది. ధనం లోహంగానో కాగితంగానో ఉన్నంతకాలం ఇది చెల్లింది. ధనం బ్యాంకు పుస్తకంలో ఒక అంకెగా మారిన నాటినుండి పరిస్థితి వేరు. అంకెను జేబులోనుండి తీసి ఎదుటివాని చేతిలో పెట్టలేము. ఒక పుస్తకంలో కొట్టివేసి మరొక పుస్తకంలో వ్రాసేవాడు ఒకడు నడుమ ఉండి తీరాలి. ఆ వ్రాసేవాడెవడు? వ్రాసినందుకు ఏమి పుచ్చుకొంటాడు? వ్రాయనని చెప్పే అధికారం అతనికి కలదా? అర్థశాస్త్రం చదివే విద్యార్థులే గాక, ఉదయం లేచి పాలవానికి డబ్బులు చెల్లించే ప్రతి గృహస్థూ ఆలోచించవలసిన ప్రశ్నలివి.

మన హైదరాబాదు వాసులకు ఈ విషయం కొత్తది కారాదు. ఈ నగరంలో ఒకప్పుడు రెండు రూపాయలు చలామణీలో ఉండేవి. ఒకటి నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా. రెండవది కల్దార్ అని మన పెద్దలు పిలిచిన బ్రిటిషు ఇండియా రూపాయి. నూరు కల్దార్లకు నూట పదహారు హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైసలు అధికారికమైన మారకపు రేటు. ఆ మారకం చేసి బట్టా పుచ్చుకొనే సరాఫులకు, హుండీలు వ్రాసే కార్వాన్ సాహుకార్లకు సమాజంలో ఉండిన పలుకుబడి అంతా ఇంతా కాదు. 1959లో హాలీ సిక్కా చెల్లుబాటు పూర్తిగా ముగియడంతో ఆ అధ్యాయం సమాప్తమైంది. నడుమ నిలిచి సొమ్మును దాటించేవానికి ఎంత బలం చేకూరుతుందో తెలియడానికి ఆ పాత కథ చాలును. ఈనాడు ఆ సరాఫు స్థానంలో చేతిఫోనులోని ఒక యాప్ కూర్చున్నది, అంతే భేదం.

ఈ ప్రశ్నలకు సూటిగా సమాధానం చెప్పిన దేశం ఒకటి కలదు. అది దక్షిణ అమెరికాలోని బ్రెజిల్. ధనం నడిచే దారిని తానే వేసి, తానే నడుపుతానని ఆ దేశపు కేంద్ర బ్యాంకు నిర్ణయించింది. ఆ దారి పేరు 'పిక్స్'. అక్కడ జరిగిన దానిని మెచ్చుకొనదగినంత మెచ్చుకొని, అనుమానించదగినంత అనుమానించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇరవై కోట్ల పైచిలుకు జనాభా గల ఆ దేశంలో బ్యాంకింగు వ్యాపారంలో అధిక భాగం అయిదు పెద్ద బ్యాంకుల గుప్పిటిలో ఉండేది. ఒక బ్యాంకులోని ఖాతానుండి మరొక బ్యాంకులోని ఖాతాకు సొమ్ము పంపాలంటే టెడ్, డాక్ అనే రెండు పద్ధతులుండేవి. మొదటిది పనివేళలలోనే నడుస్తుంది. రెండవదానిలో సొమ్ము మరునాటి పనిదినానికి గాని చేరదు. రెండింటికీ రుసుము ఉండేది. చిన్న ఉద్యోగి ఊరిలోని తల్లికి పంపే స్వల్పమొత్తానికి ఆ రుసుమే భారం. ఇవి కాక, 'బొలేటో' అనే గీతల గుర్తు గల చీటీ పట్టుకొని బ్యాంకుకో, లాటరీ దుకాణానికో వెళ్లి వరుసలో నిలబడి కట్టే పద్ధతి ఒకటి. శుక్రవారం సాయంకాలం సరకు అమ్మిన చిల్లర వర్తకునికి సోమవారం దాకా తన సొమ్ము తనది కాదు.

ఇలాన్ గోల్డ్‌ఫాజ్న్ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు, 2018 డిసెంబరులో, తక్షణ చెల్లింపుల వ్యవస్థకు మూలసూత్రాలను కేంద్ర బ్యాంకు ప్రకటించింది. రోబెర్తో కాంపోస్ నేతో అధ్యక్షతన 2020 ఫిబ్రవరిలో దానికి పిక్స్ అని పేరు పెట్టారు. అక్టోబరు 5న ఖాతాదారుల నమోదు మొదలైంది. నవంబరు 16న ద్వారం తెరిచారు. రాత్రింబవళ్లు, ఆదివారాలు, పండుగలు అన్న తేడా లేకుండా కొద్ది సెకనులలో సొమ్ము చేరుతుంది. పంపవలసినవాని ఖాతా సంఖ్య తెలియనక్కరలేదు. అతని ఫోను నంబరో, ఈమెయిలో, పన్నుల శాఖవారిచ్చిన సంఖ్యో తెలిస్తే చాలు. ఈ గుర్తును పోర్చుగీసులో 'షావి' అంటారు; తాళపుచెవి అని అర్థం. మన ఉర్దూలోని చాబీ అన్న మాట నాలుగైదు శతాబ్దాల క్రిందట పోర్చుగీసు నావికుల వెంట దిగుమతి అయిన ఈ మాటే. మాటకు మన దేశంలో ఉన్న చుట్టరికాన్ని బట్టి అయినా ఈ విషయంపై మనకు కొంత ఆసక్తి కలగాలి.

నియమాలలో రెండు ముఖ్యమైనవి. అయిదు లక్షలకు మించి క్రియాశీల ఖాతాలు గల ప్రతి సంస్థా ఇందులో చేరితీరాలి. ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. పెద్ద బ్యాంకులు వెలుపల నిలిచి కొత్త వ్యవస్థను ఎండగట్టకుండా ఈ ఒక్క నియమం కాపాడింది. రెండవది, సామాన్య వ్యక్తులు పంపే సొమ్ముపై, కొద్దిపాటి మినహాయింపులతో, బ్యాంకులు రుసుము వసూలు చేయరాదు. వ్యాపార సంస్థలనుండి తీసుకొనవచ్చును. ఖాతాల గుర్తులుండే పట్టికను, సొమ్ము చేతులు మారే యంత్రాంగాన్ని కేంద్ర బ్యాంకే నడుపుతున్నది. అందుకు బ్యాంకులనుండి అది తీసుకొనే మూల్యం పది లావాదేవీలకు ఒక సెంటావో, అనగా వారి రూపాయిలో నూరవ వంతు. (వారి నాణెం పేరు రియల్. గల్ఫు దేశాలలో మనవారు సంపాదించే రియాల్ వేరు, ఇది వేరు. 2025లో అది ఇంచుమించు పదహారు మన రూపాయలతో సమానంగా ఉండేది.)

ఫలితం ఎవరి అంచనాకూ అందలేదు. పదిహేను కోట్లకు పైగా వ్యక్తులు దీనిని వాడినారు. 2024 సంవత్సరంలో జరిగిన లావాదేవీలు 6,300 కోట్లకు మించినవి. 2025 సెప్టెంబరు 5న ఒక్క రోజులోనే సుమారు 29 కోట్ల చెల్లింపులు జరిగినవి. డాక్ పద్ధతిని బ్యాంకులు 2024 ఆరంభంలో అటకెక్కించవలసివచ్చింది.

దీనికి తోడు చెప్పుకొనవలసిన విశేషం మరొకటి. పిక్స్ ప్రారంభానికి సరిగా రెండున్నర నెలల ముందు, 2020 సెప్టెంబరు 2న, అదే కేంద్ర బ్యాంకు 200 రియళ్ల కొత్త నోటును విడుదల చేసింది. ఆ కరోనా సంవత్సరంలో ఆరు కోట్లకు పైగా ప్రజలకు ప్రభుత్వం అత్యవసర భత్యం ఇస్తున్నది. ప్రజలు నోట్లు ఇంట దాచుకొంటున్నారు. కనుక నోట్లు కావలసివచ్చినవి. ఒక చేత నోటును, మరొక చేత పిక్స్‌ను అందించి, మీకేది అనుకూలమో అది వాడుకొనండని ఆ బ్యాంకు ప్రజలకు వదిలివేసింది. మన దేశంలో అలవాటు వ్యాపించిన తీరు వేరు. 2016 ఏప్రిల్‌లో రఘురామ్ రాజన్ రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండగా యూపీఐ ప్రయోగాత్మకంగా వెలువడింది. ఆ నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినవి. ఏటీఎంల ముందు బారులు తీరిన వారిలో చాలమంది ఫోను చెల్లింపుల వైపు మొగ్గింది ప్రేమతో కాదు, గత్యంతరం లేక. తరువాత అలవాటు ప్రేమగా మారి ఉండవచ్చు, దానిని కాదనను. ఆకలితో తిన్న మొదటి ముద్దకూ, రుచి ఎరిగి తిన్న ముద్దకూ భేదం ఉన్నదని మాత్రం అంటాను.

రెండు దేశాల మధ్య ఇంతకంటె లోతైన భేదం ఒకటి ఉన్నది. మన యూపీఐని నడుపుతున్నది రిజర్వు బ్యాంకు కాదు. 2008లో రిజర్వు బ్యాంకు, బ్యాంకుల సంఘం చొరవతో ఏర్పడి, బ్యాంకుల యాజమాన్యంలో లాభాపేక్ష లేకుండా పనిచేసే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దానిని నడుపుతున్నది. రిజర్వు బ్యాంకు స్వయంగా నడిపేవి వేరే ఉన్నవి: 2004లో వచ్చిన ఆర్‌టీజీఎస్, 2005లో వచ్చిన నెఫ్ట్. ఇరవైనాలుగు గంటలూ నడవడం మాత్రం నెఫ్ట్ విషయంలో 2019 డిసెంబరులో, ఆర్‌టీజీఎస్ విషయంలో 2020 డిసెంబరులో గాని మొదలు కాలేదు. మన వ్యవస్థ చిన్నది కాదు. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2,000 కోట్ల లావాదేవీలను దాటింది. బ్రెజిలు వారు దీనిని చూసి నేర్చుకొన్నది లేకపోలేదు. అయితే ఆ దారిపై నడిచే బండ్లను చూడండి. 2025లో లావాదేవీలలో నూటికి ఎనభైకి పైగా రెండే రెండు యాప్‌ల ద్వారా జరిగినవి. ఒకదానిలో అధికవాటా అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్‌ది, రెండవది గూగుల్‌ది. ఏ ఒక్క యాప్ వాటా నూటికి ముప్ఫై మించరాదని 2020 నవంబరులో నియమం ప్రకటించి, దాని అమలును వాయిదా మీద వాయిదా వేసి 2026 చివరి వరకు జరిపినారు.

ఇది పుస్తకాలలో మాత్రమే కనిపించే భేదం కాదు, నాలుకమీద కనిపిస్తుంది. బ్రెజిలు బజారులో కొబ్బరిబోండాలవాడు "పిక్స్ చేయండి" అంటాడు. మన మదీనా చౌరస్తాలో గాజుల దుకాణంవాడు "ఫోన్‌పే చేయండి" అంటాడు. యూపీఐ చేయమని అనేవారు అరుదు. అక్కడ ప్రజల నోట నిలిచినది ఉమ్మడి దారి పేరు. ఇక్కడ నిలిచినది ఆ దారిపై తిరిగే ఒక బండి పేరు. ప్రతి బ్యాంకు యాప్‌లోనూ పిక్స్ గుర్తు ప్రస్ఫుటంగా కనిపించాలని అక్కడి కేంద్ర బ్యాంకు నిర్దేశించింది. దీనిని ఆడంబరమని కొందరు అనుకొనవచ్చు. నా దృష్టిలో అది చాల ముందుచూపు గల పని. ఊరి చెరువును ఊరంతా కలిసి త్రవ్వినా, తూము ఎవరి చేతిలో ఉంటే రైతులు వారికే దండం పెడతారు.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక అనుమానాలకు వస్తాను.

నియమాలు చేసేవాడే ఆటలో దిగవచ్చునా? ఇది బ్రెజిలులోనే పుట్టిన ప్రశ్న. 2020 జూన్ 15న వాట్సప్ సంస్థ ఆ దేశంలో చెల్లింపుల సేవను ప్రారంభించింది. ఎనిమిది రోజులు గడవకముందే కేంద్ర బ్యాంకు దానిని నిలిపివేయించింది. పోటీకి భంగం కలుగుతుందేమో పరిశీలించవలసి ఉన్నదని కారణం చెప్పింది. అయిదు నెలలకు తన పిక్స్‌ను ప్రవేశపెట్టింది. వ్యక్తుల మధ్య చెల్లింపులకు వాట్సప్‌కు అనుమతి లభించినది 2021 మార్చిలో. అప్పటికి ప్రజలు పిక్స్‌కు అలవాటుపడినారు. న్యాయాధిపతే వాదిగా నిలిచినాడని విమర్శకులు అన్నారు. ఈ విమర్శను తేలికగా తీసిపారవేయడం నిజాయితీ కాదు. 2025 జూలై 15న అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం బ్రెజిలుపై ప్రారంభించిన విచారణలో, ప్రభుత్వం నెలకొల్పిన ఎలక్ట్రానిక్ చెల్లింపుల సేవలకు ఆ దేశం అనుచితమైన మొగ్గు చూపుతున్నదన్న ఆరోపణ కూడ చేరింది.

అయినా నేను కేంద్ర బ్యాంకు పక్షమే వహిస్తాను. రహదారిని ప్రభుత్వం వేసి, బండ్లకు నియమాలు కూడ ప్రభుత్వమే చేస్తే, బండ్లవారికి అన్యాయం జరిగిందని ఎవరూ అనరు. పిక్స్‌లో కేంద్ర బ్యాంకు ఖాతాలు తెరవదు, అప్పులు ఇవ్వదు, యాప్‌లు అమ్మదు. దారి మాత్రమే వేసింది. దానిపై వందలాది సంస్థలు పోటీపడుతున్నవి. నాణెం కొట్టినవానికి ఆ నాణెం చేతులు మారే మార్గాన్ని తెరచి ఉంచే బాధ్యత కూడ ఉన్నదని ఒప్పుకొంటే, ఇది అధికార దుర్వినియోగం కాదు, ఆలస్యంగా నెరవేర్చిన కర్తవ్యం. వాట్సప్ వ్యవహారంలో తొందరపాటు ఉన్నదంటే ఉన్నది. అందువలన దారి మొత్తాన్ని ప్రయివేటు సంస్థకు అప్పగించి ఉండవలసినదన్న సిద్ధాంతం మాత్రం రాదు.

రెండవ అనుమానం దొంగతనం. వేగం సజ్జనునికి ఎంత ఉపయోగమో దొంగకు అంతకంటె ఎక్కువ ఉపయోగం. సావో పౌలో వంటి నగరాలలో మనిషిని కొన్ని గంటలు నిర్బంధించి, బెదిరించి, అతని ఫోనుతోనే సొమ్ము పంపించుకొనే ముఠాలు పెచ్చుమీరినవి. కేంద్ర బ్యాంకు 2021 అక్టోబరు 4నుండి రాత్రి ఎనిమిదినుండి ఉదయం ఆరు వరకు వ్యక్తుల మధ్య వేయి రియళ్లకు మించి పంపకుండ పరిమితి విధించింది. ఆ పరిమితిని పెంచమని అడిగినా ఒక రోజు గడిచిన తరువాతనే బ్యాంకు పెంచాలి. మెడమీద కత్తి పెట్టినవాడు ఒక రోజంతా కాచుకొని కూర్చోలేడు గదా! అదే సంవత్సరం నవంబరులో మోసపోయినవారి సొమ్మును తిరిగి రాబట్టే ప్రత్యేకమైన ఏర్పాటు చేసింది. అయితే దొంగ సొమ్మును నిమిషాలలో మరొక ఖాతాకు, అక్కడినుండి ఇంకొక ఖాతాకు దాటించడంతో మొదటి ఖాతాను స్తంభింపజేసేసరికి అందులో మిగిలేది అల్పం. చేతులు మారిన తరువాతి ఖాతాలను కూడ వెంబడించేటట్లు ఈ ఏర్పాటును విస్తరించాలని 2025లో నిర్ణయించినారు. అదే సంవత్సరం మధ్యలో, చిన్న సంస్థలను ఈ వ్యవస్థతో కలిపే ఒక సాంకేతిక సంస్థలోని ఉద్యోగి తన ప్రవేశాధికారాన్ని దొంగలకు అమ్ముకొనగా, కోట్లాది రియళ్లు ఒక్క రాత్రిలో మాయమైనవి. యంత్రం చెడలేదు, మనిషి చెడినాడు.

విద్యార్థులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. దొంగసొమ్ము దాటించడానికి అద్దెకు దొరికే ఖాతాలను బ్రెజిలులో 'నారింజ' ఖాతాలు అంటారు. ఆ ఖాతాదారునికి నారింజ అనే పేరు. మన దేశంలో నారింజలు లేవనుకొనకండి. కొద్దిపాటి కమీషను చూపి, "నీ ఖాతా నెలరోజులు ఇవ్వు, నీవేమీ చేయనక్కరలేదు" అని కళాశాల పిల్లల వద్దకు వచ్చేవారు ఉన్నారు. ఏమీ చేయనక్కరలేదన్న మాట అబద్ధం కాదు; చేయవలసినదంతా పోలీసులే చేస్తారు. ఖాతా ఎవరి పేర ఉంటే నేరం మొదట వారి తలుపే తడుతుంది. అమానతు అన్న మాటను చిన్ననాటినుండి వింటూ పెరిగిన పిల్లలకు, తన ఖాతా కూడ ఒక అమానతే అని వేరుగా బోధించవలసిరావడం విచారకరం. మోసపోయినవారు ఆలస్యం చేయక 1930కు ఫోను చేయాలన్నది కూడ ప్రతి తరగతిగది గోడమీద వ్రాసి ఉంచదగిన మాట.

మూడవ అనుమానం నన్ను అన్నిటికంటె ఎక్కువ బాధించేది. దారి ప్రభుత్వానిదైతే, దారిన పోయేవారందరినీ ప్రభుత్వం చూస్తుంది. వ్యక్తులు నెలకు 5,000 రియళ్లకు మించి జరిపే లావాదేవీల మొత్తాలను కొత్తరకం చెల్లింపు సంస్థలు కూడ పన్నుల శాఖకు తెలుపాలని 2025 జనవరిలో బ్రెజిలు ప్రభుత్వం నియమం అమలులోకి తెచ్చింది. పిక్స్‌పై పన్ను రాబోతున్నదని పుకారు లేచింది. అటువంటి పన్ను ఏదీ లేదు. అయినా ప్రజల కలవరం ఎంత తీవ్రమైనదంటే, జనవరి 15న ప్రభుత్వం నియమాన్ని ఉపసంహరించుకొని, పిక్స్‌పై పన్ను వేయరాదని ప్రత్యేకంగా శాసనం జారీ చేయవలసివచ్చింది. కథ అక్కడ ముగియలేదు. పెద్ద నేరస్థుల ముఠాలు ఆ కొత్తరకం సంస్థల ద్వారానే నల్లధనాన్ని తెల్లగా మార్చుకొంటున్నవని ఆగస్టులో జరిగిన దాడులలో బయటపడగా, అదే నెలలో ఆ సంస్థలపై ఇంచుమించు అటువంటి నియమాన్నే తిరిగి విధించినారు. సామాన్యుని భయమూ నిజమే, ప్రభుత్వపు అవసరమూ నిజమే. పుకారు అబద్ధం కావచ్చు; కాని తనను ఎవరో చూస్తున్నారన్న బెరుకు లేనిచోట ఆ పుకారు అంత వేగంగా పాకదు.

మనవంటి అల్పసంఖ్యాక వర్గాలవారికి ఈ మాట ఎందుకు ముఖ్యమో విడమర్చి చెప్పనక్కరలేదు. ఎవరు ఏ మసీదుకు, ఏ చర్చికి, ఏ అనాథశాలకు ఎంత ఇచ్చారన్నది నోటు చెప్పదు, ఫోను చెబుతుంది. దానం చేసేవాడు గోప్యంగా ఇవ్వాలనుకొనడం నేరం కాదు, మన పెద్దలు నేర్పిన మర్యాద. ఈ గోప్యతను ప్రయివేటు సంస్థ కాపాడుతుందా, ప్రభుత్వ సంస్థ కాపాడుతుందా అని నన్నడిగితే, రెండింటిలో చట్టసభకు జవాబు చెప్పవలసినదానినే ఎంచుకొంటాను. ప్రకటనలు అమ్ముకొని బ్రతికే సంస్థ మన చెల్లింపులను చూడడం ఏ శాసనసభలోనూ చర్చకు రాదు. కేంద్ర బ్యాంకు చూస్తే కనీసం నిలదీయవచ్చును, బ్రెజిలు ప్రజలు నిలదీసి చూపినారు గూడ. అయితే ఇది రెండు చెడులలో చిన్నదానిని ఎంచుకొనడమే గాని, నిశ్చింతగా నిద్రపోవడానికి కారణం కాదు.

వడ్డీ విషయంలో నిష్ఠగలవారు మన కళాశాలలో చాలమంది ఉన్నారు కనుక ఒక మాట ప్రస్తావిస్తాను. బ్రెజిలులో క్రెడిట్ కార్డు బాకీని సకాలంలో కట్టనివారిపై పడే వడ్డీ 2023లో సాలుకు నూటికి నాలుగు వందలు దాటింది. ముద్రారాక్షసం కాదు, నాలుగు వందలే. బాకీపై వడ్డీ, అసలును మించరాదని 2024 జనవరినుండి చట్టం అడ్డుకట్ట వేసింది. పిక్స్ అప్పు కాదు. ఉన్న సొమ్మును పంపడమే. మన యూపీఐ స్వభావమూ మొదట అదే. కాని ఈ మధ్య అదే తెరమీద "ఇప్పుడు కొనండి, తరువాత కట్టండి" అంటూ అప్పులు కూడ వచ్చి కూర్చొంటున్నవి. బ్రెజిలులోని బ్యాంకులు సైతం పిక్స్ చెల్లింపును వాయిదాలుగా మార్చి వడ్డీ గుంజే ఏర్పాట్లు చేస్తున్నవి. చెల్లింపుకూ అప్పుకూ నడుమ ఉన్న గోడను నియమం కాపాడకపోతే మనిషి తానే కాపాడుకొనవలసి ఉంటుంది.

ఇక కార్యవర్గంవారికి నా విన్నపం. పరీక్ష రుసుము, ప్రవేశ రుసుము, వసతిగృహం బకాయి అన్నీ ఫోను ద్వారానే కట్టాలన్న ఆలోచన ఇటీవల అనేక విద్యాసంస్థలలో వినవస్తున్నది. లెక్క సులభం, రశీదు స్పష్టం, గుమాస్తాకు శ్రమ తక్కువ. ఈ లాభాలను నేను తక్కువ చేయను. కాని మన విద్యార్థులలో తండ్రి రిక్షా త్రొక్కే ఇండ్లున్నవి, తల్లి కుట్టుపని చేసి దాచిన నోట్లతో రుసుము కట్టే ఇండ్లున్నవి, నలుగురికి ఒకే ఫోను గల ఇండ్లున్నవి. తండ్రి పనికి వెళ్తే ఫోను కూడ వెంట వెళ్తుంది. పరీక్ష రుసుము చివరి తేదీ మాత్రం ఆగదు. మీటల ఫోనుతో చెల్లించే 123పే అనే పద్ధతి 2022నుండి ఉన్నదని ఎవరైనా అనవచ్చు. ఉన్నది, దానిని ఎరిగినవారు ఎందరో మన ఫీజు కిటికీ దగ్గర నిలబడి లెక్కించి చూస్తే తెలుస్తుంది. కోట్లమంది పిక్స్ వాడే బ్రెజిలులో సైతం, చెల్లుబాటయ్యే నోటును తీసుకొననని నిరాకరించడం 1941 నాటి చట్టం ప్రకారం జరిమానాకు పాత్రమైన తప్పు. ఆ చట్టాన్ని వారు రద్దు చేయలేదు.

కనుక రుసుముల దినాలలో నగదు కిటికీని కనీసం మధ్యాహ్నం రెండు గంటల వరకు తెరిచి ఉంచాలి. ఫోను ద్వారా కట్టినవారికి ఇచ్చినట్లే నగదు కట్టినవారికి కూడ ముద్ర వేసిన రశీదు ఇవ్వాలి. సొమ్ము ఖాతానుండి పోయి కళాశాలకు చేరలేదని తేలిన సందర్భంలో, ఆ సొమ్ము తిరిగి వచ్చేదాకా విద్యార్థిపై ఆలస్యపు రుసుము వేయరాదు. చెల్లింపు గుర్తు అతికించే పలకపై ఏ ఒక్క యాప్ పేరూ కాక, యూపీఐ గుర్తు మాత్రమే ఉండాలి. వీటిలో నాల్గవదానికి పైసా ఖర్చు లేదు. మొదటిదానికి ఒక గుమాస్తా, ఒక కుర్చీ చాలును.